లడఖ్ వెళ్లే బండిలో ఏ ఆయిల్ పోయించాలి?

ఖమ్మం నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు నలభై ఆరు, ప్రభుత్వ ఉద్యోగం. నాలుగేళ్ల కిందట కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ 411 సీసీ హిమాలయన్ బైక్ మీద ఇప్పటికి 31 వేల కిలోమీటర్లు తిరిగారు. పాప ఇంటర్ కోసం హాస్టల్‌లో చేరింది కాబట్టి, పెళ్లయిన కొత్తలో భార్యకిచ్చిన మాట ఇన్నాళ్లకి నిలబెట్టుకోవాలనుకుంటున్నారు. జూన్ మూడో వారంలో ఇద్దరూ ఆ బండి మీదే బయల్దేరి హైదరాబాద్, నాగపూర్, ఢిల్లీ, మనాలి మీదుగా లేహ్ చేరి, శ్రీనగర్ వైపు నుంచి తిరిగి రావాలి. రానూపోనూ ఆరు వేల కిలోమీటర్లు దాటుతుంది. సెలవు మంజూరైంది, బ్యాగులు కొన్నారు. ఇంజన్ ఆయిల్ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు.

వాళ్ల నాన్నగారి బుల్లెట్ కాలం నుంచి ఇంటి బళ్లన్నీ చూసే మెకానిక్ ఒకాయన ఉన్నారు. ఈయన ఆయన్ని బాబాయ్ అని పిలుస్తారు. "20డబ్ల్యు-50 మినరల్ ఆయిల్ పోయిస్తే ఏ ఎండకీ తిరుగుండదు, కొత్త ఆయిల్స్ అన్నీ నీళ్లలా ఉంటాయి" అని బాబాయ్ మాట. హైదరాబాద్‌లో ఉన్న బైక్ మిత్రులేమో "లడఖ్ చలిలో ఆ చిక్కటి ఆయిల్‌తో బండి స్టార్ట్ కూడా కాదు, 10డబ్ల్యు-40 ఫుల్ సింథటిక్ తప్ప ఇంకేమీ వద్దు" అంటున్నారు. (మినరల్ అంటే ముడి చమురుని మామూలుగా శుద్ధి చేసి తీసినది, సింథటిక్ అంటే ఇంకా బాగా శుద్ధి చేసినది లేదా రసాయనంగా తయారుచేసినది.) విజయవాడ ఆటోనగర్‌లో కార్ల స్పేర్ పార్ట్స్ షాపున్న బావమరిది ఖరీదైన 5డబ్ల్యు-30 కారు ఆయిల్ డబ్బా ఒకటి తెచ్చి, "బావా, ఇంతకంటే మంచిది మార్కెట్లో లేదు" అని ఇంట్లో పెట్టి వెళ్లారు. ఇక బండితో వచ్చిన మాన్యువల్లో 15డబ్ల్యు-50, ఏపీఐ ఎస్ఎల్ లేదా ఆపైది, జాసో ఎంఏ అని ఉంది. నాలుగు నోళ్లు, నాలుగు నంబర్లు.

ఈ టెన్షన్‌కి వెనకాల ఒక పాత సంగతి ఉంది. రెండేళ్ల కిందట అరకు వెళ్తూ దారిలో ఆయిల్ తగ్గిందని ఒక చిన్న షాపులో విడి ఆయిల్ అర లీటరు పోయించారట. అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తోంది, బండి మాత్రం కదలదు. భార్య దిగి, చీకటి పడుతున్న వేళ రెండు మలుపులు నడవాల్సి వచ్చింది. ఆవిడ అప్పుడు ఏమీ అనలేదు. మొన్న బ్యాగులు సర్దుతూ మాత్రం "ఈసారి నన్ను ఘాట్‌లో దింపవు కదా?" అని అడిగారట. "ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేక మీకు రాస్తున్నాను. బాబాయ్‌ని నొప్పించలేను, బావమరిది మొహం మీద వద్దనలేను, ఇంటర్నెట్‌లో చదివేకొద్దీ నిద్ర పట్టడం లేదు" అని ఉత్తరం ముగించారు.

*

మీరు ఇప్పటికే సగం సరైన పని చేశారు, మాన్యువల్ తెరిచి చూశారు. ఆ పేజీలో ఉన్న మూడు మాటల్ని విడివిడిగా అర్థం చేసుకుంటే, మీ చుట్టూ ఉన్న నలుగురిలో ఎవరు ఎక్కడ ఒప్పో, ఎక్కడ తప్పో మీకే తెలిసిపోతుంది. ఎవరినీ పూర్తిగా కాదనాల్సిన అవసరం కూడా రాదు.

ముందు నంబర్ల సంగతి. 15డబ్ల్యు-50లో డబ్ల్యు అంటే వింటర్. దాని ముందున్న అంకె ఆయిల్ చలిలో ఎలా నడుచుకుంటుందో చెబుతుంది, వెనకున్న అంకె బాగా వేడెక్కాక ఎంత చిక్కగా మిగులుతుందో చెబుతుంది. పేరిన నెయ్యి గిన్నెలో గరిట తిప్పడం ఎంత కష్టమో, చల్లబడిన ఆయిల్‌లో ఇంజన్ తిరగడం అంత కష్టం. అందుకే ఈ చలి అంకెకి గడ్డకట్టే వాతావరణంలో పరీక్ష ఉంటుంది. 20డబ్ల్యుని మైనస్ 15 డిగ్రీల దగ్గర, 15డబ్ల్యుని మైనస్ 20 దగ్గర, 10డబ్ల్యుని మైనస్ 25 దగ్గర పరీక్షిస్తారు. ఇంజన్ తిరగడానికి ఆ చలిలో కూడా ఆయిల్ మరీ అడ్డుపడకూడదు.

ఇప్పుడు మీ ప్రయాణం చూడండి. జూన్ చివర్లో, జులైలో లేహ్ రాత్రులు చల్లగానే ఉంటాయి గానీ సున్నాకి పైనే ఉంటాయి. సర్చు, పాంగ్ లాంటి ఎత్తైన చోట టెంట్‌లో పడుకుంటే సున్నా దగ్గరికి రావచ్చు, కాస్త కిందికీ పోవచ్చు. మైనస్ 20కీ దానికీ ఎంత దూరమో చూడండి. అంటే మిత్రులు భయపెట్టిన ఆ చలి మీ ప్రయాణంలో లేదు. జనవరిలో ద్రాస్ వెళ్లేవాళ్ల లెక్క వేరు. మీ దారిలో బాబాయ్ చెప్పిన 20డబ్ల్యుతో కూడా బండి స్టార్ట్ అవుతుంది, తెల్లవారుజామున కాస్త బరువుగా తిరుగుతుంది, అంతే.

ఎత్తు గురించి కూడా ఒక అపోహ ఉంది. లేహ్ దగ్గరున్న ఖర్దుంగ్ లా కనుమ సముద్రమట్టానికి 5,359 మీటర్లు. అక్కడ గాలి పీడనం మన ఊళ్లో ఉండేదానిలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. కానీ ఆ ఎత్తు ఆయిల్‌కి తెలియదు. తెలిసేది ఇంజన్ పీల్చే గాలికి. గాలి పలచబడితే పవర్ తగ్గుతుంది. పవర్ తగ్గితే మీరు ఫస్ట్, సెకండ్ గేర్లలో ఎక్కువసేపు నెమ్మదిగా ఎక్కుతారు. మంచు కరిగి రోడ్డు మీదికి పారే నీళ్లలో, గులకరాళ్ల మీద, ఇద్దరి బరువుతో హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగం నొక్కి పట్టి, బండిని లాగుతారు. నేను ఆ దారిలో రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ మాతో వచ్చిన బళ్లలో ఎక్కువ బాధపడింది క్లచ్‌లే. చలికి మొరాయించిన బండి ఒక్కటీ లేదు.

దానికంటే ముందు వేడి ఉంది. ఆదిలాబాద్ దాటాక నాగపూర్ వరకు, అక్కడి నుంచి ఝాన్సీ, గ్వాలియర్ వైపు, రుతుపవనాలు ఇంకా అందని రోజుల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మీ బండి ప్రధానంగా గాలితోనే చల్లబడుతుంది, దానికి తోడు చిన్న ఆయిల్ కూలర్ ఉంటుంది. ఇద్దరు మనుషులు, మూడు బ్యాగులతో గంటల తరబడి హైవే మీద పోతుంటే ఆయిల్ బాగా వేడెక్కుతుంది. అప్పుడు లెక్కకొచ్చేది వెనక అంకె. వంద డిగ్రీల దగ్గర 50 గ్రేడ్ ఆయిల్ చిక్కదనం 16.3 నుంచి 21.9 సెంటిస్టోక్స్ మధ్య ఉండాలి. 40 గ్రేడ్‌ది 12.5 నుంచి 16.3. 30 గ్రేడ్‌ది 9.3 నుంచి 12.5. ఇంజన్ తయారుచేసినవాళ్లు 50 అన్నారంటే, ఆ వేడిలో కూడా తిరిగే భాగాల మధ్య ఇంత పొర మిగలాలని లెక్కవేసి అన్నారు. చలి అంకెలో ఒక మెట్టు అటూ ఇటూ అయినా మీ ప్రయాణంలో తేడా తెలియదు. వేడి అంకెలో మాత్రం కిందికి దిగవద్దు. మిత్రులు చెప్పిన 10డబ్ల్యు-40 మీద నా అభ్యంతరం ఇదొక్కటే. సింథటిక్ అనే మాట తప్పు కాదు, 40 అనే అంకె మీ బండికి తక్కువ.

ఇక్కడ బైక్ ఇంజన్‌కే ఉన్న ఒక కష్టం చెప్పాలి. కారులో గేర్‌బాక్స్‌కి వేరే ఆయిల్ ఉంటుంది. మన బండిలో ఇంజన్, గేర్లు, క్లచ్ మూడూ ఒకే ఆయిల్‌లో బతుకుతాయి. ఆయిల్ వేడిలో పలచబడిపోకుండా కలిపే పొడవాటి అణువుల్ని గేర్ల పళ్లు నలిపి, తెంపి ముక్కలు చేస్తాయి. అందువల్ల కొత్తలో 50గా ఉన్నది కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత 40 దగ్గరికి జారుతుంది. మొదలే 40తో మొదలుపెడితే తిరుగు ప్రయాణంలో, అదే నాగపూర్ ఎండలో, మీ దగ్గర ఏం మిగులుతుందో ఆలోచించండి.

రెండో మాట ఏపీఐ. అది ఆయిల్ నాణ్యతకి అమెరికా పెట్రోలియం సంస్థ ఇచ్చే తరగతి. ఎస్ఎల్ 2001లో వచ్చింది, ఎస్ఎమ్ 2004లో, ఎస్ఎన్ 2010లో, ఎస్‌పీ 2020లో. మీ మాన్యువల్ ఎస్ఎల్ లేదా ఆపైది అంటోంది కాబట్టి ఎస్ఎమ్, ఎస్ఎన్ ఏదైనా పోయించవచ్చు, ఎస్ఎల్ కంటే వెనక్కి వెళ్లకూడదు. దీని గురించి ఇంతకంటే బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

మూడో మాట జాసో. అరకులో మీ ఆవిడ ఎందుకు నడవాల్సి వచ్చిందో బహుశా ఈ మాటే చెబుతుంది.

మన బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి. నూనె చేతులతో నిండు బిందె పట్టుకున్నట్టు, అవి ఆయిల్‌లో ఉంటూనే ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకోవాలి. పెట్రోల్ ఆదా కోసం కారు ఆయిల్స్‌లో, ముఖ్యంగా 30, 20 గ్రేడ్లలో, రాపిడిని తగ్గించే రసాయనాలు కలుపుతారు. కారు క్లచ్ ఆయిల్‌లో మునగదు కాబట్టి దానికి నష్టం లేదు. మన బండిలో అదే ఆయిల్ పోస్తే ఆ జారుడు గుణం క్లచ్‌కీ పట్టుకుంటుంది. ఈ సమస్య ఎక్కువయ్యాకే జపాన్ వాళ్లు 1998లో ఫోర్‌స్ట్రోక్ బైకుల కోసం జాసో టీ903 అనే ప్రమాణం తెచ్చారు. అందులో ఎంఏ అంటే తడి క్లచ్‌కి సరిపోయేది, ఎంబీ అంటే రాపిడి తక్కువది, తడి క్లచ్ లేని స్కూటర్లకి. 2006లో ఎంఏని మళ్లీ ఎంఏ1, ఎంఏ2గా విడదీశారు. వీటిలో క్లచ్ పట్టు ఎక్కువగా ఉండేది ఎంఏ2. మీ మాన్యువల్ ఎంఏ అంటోంది కాబట్టి ఎంఏ2 నిస్సందేహంగా పోయించవచ్చు. హాఫ్ క్లచ్ మీద లడఖ్ నీళ్లు దాటాల్సిన బండికి నేనైతే ఎంఏ2నే వెతుకుతాను.

ఆ విడి ఆయిల్ ఏమిటో ఇప్పుడు చెప్పలేం. ఇంజన్ అరుస్తూ బండి కదలకపోవడం మాత్రం క్లచ్ జారడానికి అచ్చమైన గుర్తు. తర్వాత మీరు ఆయిల్ మార్పించారని, బండి మామూలైందని రాశారు, సంతోషం. కానీ ఒకసారి అలా జారిన ప్లేట్లు కొన్నిసార్లు పైన మాడి నున్నగా మెరుగెక్కుతాయి. ఊళ్లో తిరిగేటప్పుడు తెలియదు, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడే బయటపడతాయి. బయల్దేరే ముందు బాబాయ్‌తో క్లచ్ ఒకసారి చూపించండి. ఆయిల్ గురించి మీరు పడుతున్న బెంగలో సగం నిజానికి ఈ ప్లేట్ల మీద పడాల్సింది.

బావమరిది డబ్బా సంగతి కూడా ఇప్పుడు తేలిపోయినట్టే. ఆయన ప్రేమతోనే తెచ్చారు, ఆ ఆయిల్ కూడా మంచిదే. కానీ అది కారుకి మంచిది. 30 గ్రేడ్ మీ ఇంజన్‌కి చాలదు, క్లచ్‌కి ఆ జారుడు గుణం పనికిరాదు. నాలుగు దారుల్లో నేను ఖచ్చితంగా వద్దనేది ఈ ఒక్కదాన్నే. "నా బండి క్లచ్ ఆయిల్‌లో మునిగి ఉంటుందట బావా, దీనికి ఎంఏ2 ముద్ర ఉన్నదే పోయాలట. ఈ డబ్బా ఎవరి కారుకైనా పనికొస్తుంది" అని తిరిగి ఇచ్చేయండి. స్పేర్ పార్ట్స్ అమ్మే మనిషి కాబట్టి ఒక్క నిమిషంలో అర్థం చేసుకుంటారు. వీలైతే సరైన ఆయిల్, ఒరిజినల్ ఫిల్టర్ ఆయన్నే తెప్పించమని అడగండి. సాయం చేయాలన్న ఆయన కోరికా తీరుతుంది.

మిగిలింది మూడు దారులు. మొదటిది, మాన్యువల్లో ఉన్నట్టే 15డబ్ల్యు-50, సెమీ సింథటిక్ (మినరల్, సింథటిక్ కలిపినది), ఎంఏ2. ఖర్చు మధ్యరకం, ఎక్కడైనా దొరుకుతుంది. ఇది ఎంచుకుంటే బయల్దేరే ముందు మార్పించి, తిరిగొచ్చిన వెంటనే మళ్లీ మార్పించండి. మామూలు గడువు అంతకంటే ఎక్కువ ఉన్నా సరే. ఎండ, దుమ్ము, బరువు, హాఫ్ క్లచ్ అన్నీ కలిసిన ఆరు వేల కిలోమీటర్లు ఆఫీసుకి తిరిగిన ఆరు వేలతో సమానం కాదు.

రెండోది, ఫుల్ సింథటిక్, కానీ 40 గ్రేడ్ కాకుండా 15డబ్ల్యు-50 లేదా 10డబ్ల్యు-50, ఎంఏ2. ఇది వేడిని ఎక్కువసేపు తట్టుకుంటుంది, త్వరగా చెడిపోదు. దీని ధర బాగా ఎక్కువ. దారిలో తగ్గితే అదే రకం దొరకడం కష్టం కావచ్చు, కాబట్టి ఒక లీటరు వెంట తీసుకెళ్లాలి. సింథటిక్ అనే మాట ఒక్కటే చూసి మురిసిపోకండి. ముడి చమురుని బాగా శుద్ధి చేసి తీసిన మూడో గ్రూపు ఆయిల్‌ని కూడా సింథటిక్ అనే అమ్ముతారు, పూర్తిగా రసాయనంగా తయారుచేసిన నాలుగో గ్రూపునీ అదే మాటతో అమ్ముతారు. ఈ పేరు మీద మొబిల్, కాస్ట్రాల్ కంపెనీలు 1999 ప్రాంతంలో అమెరికాలో ప్రకటనల సంఘం ముందు పోట్లాడుకుంటే, మూడో గ్రూపుని కూడా ఆ పేరుతో అమ్మవచ్చని తేలింది. అందుకే డబ్బా ముందువైపు పెద్ద అక్షరాల కంటే వెనకవైపు చిన్న అక్షరాలు చదవడం ముఖ్యం.

మూడోది బాబాయ్ దారి. దీన్ని తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. 20డబ్ల్యు-50లో వేడి అంకె మీ మాన్యువల్లో ఉన్నదే. మీ నాన్నగారి పాత బుల్లెట్ ఇంజన్‌కి అది సరైన ఆయిల్, ఆయన దశాబ్దాల అనుభవంతో చెబుతున్న మాట. ఎంఏ ముద్ర, ఎస్ఎల్ తరగతి ఉన్న 20డబ్ల్యు-50 మినరల్ పోసినా మీ ఇంజన్ దారిలో ఆగిపోదు. కానీ మినరల్ ఆయిల్ ఎక్కువ వేడికి త్వరగా ముదిరిపోతుంది. దాంతో వెళ్తే లేహ్‌లోనో మనాలిలోనో మధ్యలో ఒకసారి మార్పించక తప్పదు. ఆ ఊళ్లలో మెకానిక్‌లకి కొదవ లేదు, కానీ మీ సెలవులో సగం రోజు దానికి పోతుంది. పైగా తెలియని చోట, తెలియని చేతులు మీ ఇంజన్ విప్పుతాయి. అరకు అనుభవం తర్వాత మీకది మనశ్శాంతినిస్తుందా అన్నది మీరే చెప్పాలి.

నా మొగ్గు మొదటి దాని వైపు. డబ్బు ఇబ్బంది కాకపోతే రెండోది.

ఆముదం గురించి ఒక్క మాట, బాబాయ్‌కి చెప్పడానికి పనికొస్తుంది. ఒకప్పుడు రేసు బళ్ల ఇంజన్లలో ఆముదం పోసేవారు. కాస్ట్రాల్ పేరు కూడా ఆముదాన్ని ఇంగ్లిష్‌లో అనే కాస్టర్ నుంచే వచ్చింది. పాలమూరు, నల్లగొండ చేలల్లో పండే ఆముదమే ఒక కాలంలో ఉత్తమమైన ఇంజన్ ఆయిల్. ఇంజన్లు మారాయి, ఆయిల్ కూడా మారింది. మాన్యువల్ పేజీ పట్టుకెళ్లి ఆయన చేతిలో పెట్టి, "బాబాయ్, నాన్న బండికి నువ్వు చెప్పిందే కరెక్ట్. దీనికి వీళ్లు ఇలా రాశారు, నువ్వే చూడు" అనండి. ఆయిల్, ఫిల్టర్, ఓ-రింగ్, డ్రెయిన్ బోల్ట్ వాషర్ మీరు కొని తీసుకెళ్లండి, పని మాత్రం ఆయన చేతే చేయించండి. టాపెట్ సెట్టింగ్, చైన్, బ్రేకులు, ఇందాక చెప్పిన క్లచ్ అన్నీ ఆయనకే అప్పగించండి. ఇంజన్ చప్పుడు విని రోగం చెప్పే చెవి డబ్బాలో దొరకదు. ఆ చెవి మీద మీకున్న గౌరవం ఆయనకి కనబడితే ఆయిల్ గ్రేడ్ మీద పట్టుదల ఉండదని నా నమ్మకం.

మార్పించడం బయల్దేరే ముందు రోజు పెట్టుకోకండి. కనీసం ఐదొందల కిలోమీటర్ల ముందు చేయిస్తే ఎక్కడైనా చెమ్మ కారుతుంటే ఊళ్లోనే తెలుస్తుంది. డ్రెయిన్ బోల్ట్‌ని బలం కొద్దీ బిగించనివ్వకండి. అల్యూమినియం థ్రెడ్ పోతే అది పెద్ద పని.

ఎంత పోస్తున్నారో దగ్గరుండి చూడండి. ఏ ఆయిల్ అన్నదాని మీద నెలలు వాదించుకునేవాళ్లు ఎంత ఆయిల్ అన్నది పట్టించుకోరు. ఒకసారి నేను హంపి బయల్దేరే ముందు సర్వీస్ చేయిస్తే, పాతది పూర్తిగా కారకుండానే లెక్క ప్రకారం కొత్తది మొత్తం పోసేశారు. గుంతకల్లు దాటేసరికి ఎక్కువైన ఆయిల్ ఎయిర్ ఫిల్టర్‌లోకి చేరి, బండి దగ్గుతూ ఆగిపోయింది. ఆయిల్ మంచిదే, గ్రేడ్ సరైనదే. నేను పక్కన నిలబడి చూసి ఉంటే ఆ రోజు మధ్యాహ్నమంతా ఎండలో కూర్చోవాల్సి వచ్చేది కాదు. ఎక్కువ ఆయిల్ నురగ కడుతుంది, దారి వెతుక్కుని బయటికి వస్తుంది. తక్కువైతే అంతకంటే ప్రమాదం.

మీ బండి ఇంజన్ పక్కన ఆయిల్ చూసే గాజు కిటికీ ఉంది. బండి కాసేపు నడిచాక ఆపి, కొన్ని నిమిషాలు ఆగి, సమతలంగా ఉన్న నేల మీద సెంటర్ స్టాండ్ వేసి చూడాలి. సైడ్ స్టాండ్ మీద చూస్తే లెక్క తప్పుతుంది. ప్రయాణంలో రోజూ ఒకసారి చూడండి. హైవే మీద గంటల కొద్దీ లాగితే కొంత ఆయిల్ ఖర్చవడం మామూలే. ఆయిల్ కిటికీ మీది గీత కిందికి దిగితే వెంటనే కలపండి.

వెంట తెచ్చుకున్నది అయిపోయి, అదే కంపెనీది దొరక్కపోతే? ఎంఏ లేదా ఎంఏ2 ముద్ర ఉన్న వేరే కంపెనీ ఆయిల్ ధైర్యంగా కలపండి. మినరల్, సింథటిక్ కలిస్తే విరిగిపోతాయన్నది నిజం కాదు. తిరిగొచ్చాక ఎలాగూ మొత్తం మారుస్తారు. అదీ దొరకని ధాబా దగ్గర ఇరుక్కుంటే, లారీలకి వాడే 15డబ్ల్యు-40 డీజిల్ ఆయిల్ సీల్డ్ డబ్బా కొని కొద్దిగా కలపడం నయం. ఆ ఆయిల్స్‌లో సాధారణంగా ఆ జారుడు మందులు ఉండవు. కానీ ఖాళీ సీసాలో పోసిచ్చే విడి ఆయిల్ మాత్రం మళ్లీ ముట్టుకోవద్దు. డబ్బా మీద ముద్ర చదవగలిగితేనే కొనండి.

వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్ నల్లబడుతోందని కూడా రాశారు. అది ఆయిల్ చెడిపోయిందని కాదు. ఇంజన్ లోపలి మసిని కడిగి తనలో పట్టి ఉంచుకోవడం ఆయిల్ చేయాల్సిన పనుల్లో ఒకటి, నల్లబడిందంటే ఆ పని చేస్తోంది. రంగులో భయపడాల్సింది వేరేది. మూత తీసినప్పుడు లోపల పాల మీగడలాగా తెల్లగా కనిపిస్తే నీళ్లు కలిశాయన్నమాట. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండికి చలికాలంలో అది కొద్దిగా కనిపించి, ఒక పెద్ద రైడ్‌తో పోతుంది. కానీ లోతైన నీళ్లలో బండి మునిగాక కనిపిస్తే ఆయిల్ మార్చాల్సిందే. లోహపు మెరుపు రేణువులు కనిపించినా, ఘాటుగా పెట్రోల్ వాసన వచ్చినా మెకానిక్‌కి చూపించండి.

ఆయిల్‌లో కలిపే చిన్న బాటిల్ ఒకటి కొనమని మీ మిత్రులు చెప్పారని కూడా రాశారు, అది కొనకండి. రాపిడి తగ్గిస్తానని దాని మీదే రాసి ఉంటుంది, మీ క్లచ్‌కి కావాల్సింది రాపిడే. కొన్న డబ్బా సీల్ సరిగ్గా ఉందో లేదో చూడండి. ఖాళీ అయ్యాక దానికి మేకుతో కన్నాలు పొడిచి పారేయండి. నకిలీ ఆయిల్ నింపేవాళ్లు వెతికేది ఆ డబ్బాల కోసమే. పాత ఆయిల్ కాలువలో పోయనివ్వకండి, బాబాయ్ దగ్గర డ్రమ్ము ఉంటే అందులోకి, లేకపోతే సర్వీస్ సెంటర్‌కి. లడఖ్‌లో మార్చాల్సి వచ్చినా అంతే. అక్కడ పారే ప్రతి వాగూ ఎవరో ఒకరి తాగునీరు.

ఇక మీ ఆవిడ అడిగిన ప్రశ్న. దానికి మాటతో జవాబు చెప్పకండి. కొత్త ఆయిల్ పోయించిన వారంలో ఒక శనివారం, లడఖ్‌కి సర్దిన బ్యాగులన్నీ అలాగే కట్టి, ఆవిడని వెనక కూర్చోబెట్టుకుని భద్రాచలం, చింతూరు మీదుగా మారేడుమిల్లి వెళ్లండి. ఆ ఘాట్ మీకు కావాల్సిన పరీక్షే. మంచి ఎత్తు మీద పై గేర్‌లో ఉండి ఒక్కసారిగా యాక్సిలరేటర్ తిప్పండి. ఇంజన్ వేగం పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ఇంకా జారుతోంది, ప్లేట్లు మార్చడానికి మీకు ఇంకా టైముంది. రెండూ కలిసి పెరిగితే క్లచ్ పట్టుకుంటోంది. పైకి చేరాక సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ కాస్త చల్లబడ్డాక ఆ గాజు కిటికీ ఆవిడకి చూపించి, గీత ఎక్కడ ఉండాలో చెప్పండి. దారిలో రోజూ పొద్దున్నే ఆయిల్ చూసే పని ఆవిడకి ఇష్టమైతే ఆవిడకే ఇవ్వండి.